అమెరికాలో కాఫీ షాపులో తోటి పనివాళ్ళని యూనియన్‌లోకి ఎలా పిలవాలి?

ప్రశ్న సారాంశం ఇది: షాపులో 24 మంది ఉన్నారు, ఐదుగురు సిద్ధంగా ఉన్నారు. "అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, యూనియన్ కావాలని సంతకం పెట్టే లింకు పంపేద్దామా?" అని అడిగారు.

పంపకండి. గ్రూపులో మెసేజ్ పడగానే ఇద్దరు దండం బొమ్మ పెడతారు, ఒకరు "జీతం ఎంత పెరుగుతుంది?" అంటారు, పదిమంది చదివి ఊరుకుంటారు. సాయంత్రానికి స్క్రీన్‌షాట్ మేనేజర్ ఫోన్‌లో ఉంటుంది. యజమానికి తెలియక ముందు దొరికే నాలుగైదు వారాలే మీ అసలు పెట్టుబడి, దాన్ని ఒక్క మెసేజ్‌తో ఖర్చుపెట్టేసినట్టే. పైగా గ్రూపులో వచ్చిన లైకుల్ని మద్దతుగా లెక్కేసుకునే జబ్బు ఒకటి ఉంది. కాలనీ అసోసియేషన్ ఎన్నికల దగ్గర్నుంచి చూస్తున్నదే కదా.

ముందు జాబితా రాయండి. ఇంట్లో, మీ సొంత కాగితం మీద. షాపు కంప్యూటర్లో వద్దు. ప్రతి పేరు పక్కన ఏ షిఫ్టు, వారానికి ఎన్ని గంటలు, ఎవరితో కలిసి వస్తారు, దేని మీద విసుగు అనేవి రాయాలి. తర్వాత 1 నుంచి 5 దాకా అంకె వేయండి. ముందుండి నడిపేవాళ్ళు 1, గట్టిగా మద్దతిచ్చేవాళ్ళు 2, ఎటూ తేలనివాళ్ళు 3, పోయి మేనేజర్‌కి చెప్పేవాళ్ళు 5. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, నవ్వుతూ తల ఊపినవాళ్ళకి 2 వేసేయడం. ఇంకొకరితో మాట్లాడతానని ఒప్పుకుని నిజంగా మాట్లాడినవాళ్ళకే 1 గానీ 2 గానీ వేయాలి.

స్టోర్ మేనేజర్ ఈ జాబితాలోకి రారు. తీసేసే, చేర్చుకునే అధికారం ఉన్నవాళ్ళని చట్టం పక్కన పెడుతుంది. షిఫ్ట్ సూపర్‌వైజర్ల సంగతి వేరు. పేరులో సూపర్‌వైజర్ అని ఉన్నా స్టార్‌బక్స్ షాపుల్లో వాళ్ళూ కాఫీ కలిపే బారిస్టాలతో పాటే యూనియన్ ఎన్నికలో ఓటేశారు. కాబట్టి వాళ్ళని వదిలేయకండి.

మొదట ఎవరితో మాట్లాడాలి? బ్రేక్ రూమ్‌లో అందరికంటే గట్టిగా మేనేజర్‌ని తిట్టేవాళ్ళతో కాదు. ఒంట్లో బాగోకపోతే, షిఫ్టు మార్చుకోవాల్సి వస్తే అందరూ ఎవరికి ఫోన్ చేస్తారో చూడండి. ఆ మనిషి 3లో ఉన్నా సరే, మొదటి రెండు వారాలూ ఆ ఒక్కరి మీద పెట్టినా నష్టం లేదు.

మాట్లాడేది షాపు బయట, ఇరవై నిమిషాలు, ఒక్కొక్కరితోనే. బ్రేకులో, షిఫ్టుకి ముందూ వెనకా యూనియన్ గురించి మాట్లాడుకునే హక్కు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఇచ్చింది. అయితే కస్టమర్లు తిరిగే చోట ఇలాంటి ప్రచారం వద్దని దుకాణం నియమం పెట్టుకోవచ్చు, కాబట్టి కౌంటర్ దగ్గర మొదలెట్టకండి. పనిలో సినిమాలు, ఆటల గురించి ఎంతైనా మాట్లాడనిచ్చి యూనియన్ మాట ఒక్కటే వద్దంటే మాత్రం అది చట్టవిరుద్ధం. బయటి యూనియన్ మనిషిని తమ స్థలంలోకి రానివ్వకుండా ఆపే హక్కు యజమానికి ఉందని 1992లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే లోపలివాళ్ళు చేయాల్సిన పని బయటివాళ్ళ వల్ల కాదు.

మాటల్లో మూడొంతులు వాళ్ళవే కావాలి. "మన హక్కులు" అని ఉపన్యాసం మొదలెడితే మనిషి గడియారం చూస్తాడు. "మొన్న రాత్రి క్లోజింగ్ చేసి పొద్దున్నే ఓపెనింగ్‌కి వచ్చావు కదా, ఎంతసేపు పడుకున్నావు?" అని అడిగి, ఆగండి. ఆ మౌనాన్ని మీరు నింపకూడదు. తర్వాతి ప్రశ్న, "ఆ షెడ్యూలు వేసేది ఎవరు? నిన్ను అడిగారా?" గంటల కోత గురించి తప్పకుండా అడగండి. స్టార్‌బక్స్‌లో ఆరోగ్య బీమా నిలవాలంటే వారానికి సగటున 20 గంటల పని ఉండాలి. అలాంటి చోట నాలుగు గంటలు పోయాయంటే మందుల ఖర్చు మీద పడ్డట్టే.

యూనియన్ కావాలని సంతకం పెట్టే కార్డు చేతికిచ్చే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. చాలామంది దీన్ని ఎగ్గొడతారు, ఓడిపోయేది ఇక్కడే. యజమాని రేపు ఏమంటారో ఈరోజే చెప్పేయడం. "మనమంతా ఒక కుటుంబం", "మధ్యలో మూడో మనిషి ఎందుకు", "చందాలు కట్టించుకుంటారు", "ఉన్న సదుపాయాలూ పోతాయి". ఈ నాలుగూ మీ నోటి నుంచి ముందే వినివుంటే, మేనేజర్ చెప్పినప్పుడు నవ్వొస్తుంది. వినకపోతే భయమేస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో జరిగింది చూడండి. 2021 ఆగస్టు చివర్లో అక్కడి స్టార్‌బక్స్ షాపుల వాళ్ళు ఎన్నిక కోసం లేబర్ బోర్డుకి, అంటే యూనియన్ ఎన్నికలు జరిపే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, దరఖాస్తు పెట్టారు. ఆ వెంటనే వేరే రాష్ట్రాల నుంచి మేనేజర్లు, పై అధికారులు దిగారు. సాయం చేయడానికే వచ్చామన్నారు, షాపులు శుభ్రం చేశారు, కష్టసుఖాలు అడిగారు. నవంబర్ 6న కంపెనీని పెంచి పెద్దచేసిన మాజీ సీఈఓ హోవర్డ్ షుల్ట్జ్ అంతటివాడే వచ్చి హోటల్లో ఉద్యోగులతో మాట్లాడాడు, అందుకోసం షాపులు ముందే మూసేశారు. ఆ ప్రాంతంలోని సుమారు 20 షాపులూ కలిపి ఒకే ఓటు పెట్టాలని కంపెనీ వాదిస్తే బోర్డు ఒప్పుకోలేదు, ఏ షాపుకి ఆ షాపే అంది. డిసెంబర్ 9న లెక్కపెడితే ఎల్మ్‌వుడ్ షాపులో 19–8తో యూనియన్ గెలిచింది. క్యాంప్ రోడ్ షాపులో 8–12తో ఓడింది. ప్రాంతం అదే, కంపెనీ అదే, వచ్చిన అధికారులూ వాళ్ళే. 2023 మార్చిలో లేబర్ బోర్డు న్యాయాధికారి బఫలోలో కంపెనీ చట్టాన్ని పదేపదే మీరిందని తేల్చారు. కానీ అప్పటికి ఏడాది పైనే గడిచిపోయింది.

తిట్టే మేనేజర్‌ని తట్టుకోవడం తేలిక. పక్కన నిలబడి చీపురు పట్టే పై అధికారిని తట్టుకోవడమే కష్టం. మీవాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి.

ఇక కార్డులు. ఎన్నిక అడగడానికి చట్టం కోరేది 30 శాతం, అంటే 24 మందిలో 8 సంతకాలు. ఎనిమిది రాగానే దాఖలు చేస్తే ఓటమి కొనుక్కున్నట్టే. ఎన్నికలో పడిన ఓట్లలో సగానికి మించి రావాలి. దాఖలు చేసిన తర్వాత మద్దతు తగ్గుతుంది, సాధారణంగా పెరగదు. కొందరు భయపడతారు, కొందరు మానేస్తారు, కంపెనీ కొత్తవాళ్ళని చేర్చుకుంటే వాళ్ళకీ ఓటు రావచ్చు. అందుకే 70 శాతం, మీ లెక్కలో 17, దాటాకే కదలండి. కార్డు మీద సంతకంతో పాటు ఆ రోజు తేదీ వాళ్ళ చేత్తోనే వేయించండి. తేదీ లేని కార్డు దండగ, ఏడాది దాటినదీ అంతే. ఎలక్ట్రానిక్ సంతకం కూడా చెల్లుతుంది. ఎవరు సంతకం పెట్టారో బోర్డు యజమానికి చూపించదు, అందరూ మొదట అడిగేది ఇదే. ఓడిపోతే ఆ షాపులో మళ్ళీ ఎన్నికకి 12 నెలలు ఆగాలి.

ఎవరినైనా బెదిరించినా, గంటలు కోసినా తేదీ, సమయం, అన్న మాటలు, విన్నవాళ్ళ పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. లేబర్ బోర్డుకి ఫిర్యాదు చేయడానికి గడువు ఆరు నెలలే.

మన పిల్లలు చాలామంది క్యాంపస్ కాఫీ కౌంటర్లలో చేస్తుంటారు కాబట్టి ఒక మాట. కౌంటర్ ప్రైవేటు కాంట్రాక్టరు నడిపితే పైన చెప్పిన కేంద్ర చట్టమే, వీసా ఏదైనా. ప్రభుత్వ యూనివర్సిటీయే నడిపితే ఆ రాష్ట్ర చట్టం చూడాలి. చట్టం ఉంది కదా అని వీసా మీద ఉన్న కుర్రాడిని పోస్టరు మీద బొమ్మ చేయకండి, అది అతను ఎంచుకోవాల్సిన విషయం. "మనకెందుకు నాయనా, తల వంచుకుని పని చేసుకో" అనే పెద్దలు ఫోన్లో ఎలాగూ ఉంటారు. వాళ్ళు కాఫీ తాగిన ఇండియన్ కాఫీ హౌస్‌లు 1957 తర్వాత నిలబడింది, ప్రభుత్వ కాఫీ బోర్డు వాటిని మూసేస్తే రోడ్డున పడ్డ పనివాళ్ళు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు కట్టుకోబట్టే.

యూనియన్ చందా సంగతి కూడా అడిగారు. స్టార్‌బక్స్ షాపుల్ని కూడగడుతున్న వర్కర్స్ యునైటెడ్‌లో అయితే, కంపెనీతో ఒప్పందం కుదిరి సభ్యులు దాన్ని ఓటుతో ఆమోదించేదాకా చందా ఉండదు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఆ తర్వాత కూడా కట్టాల్సిందేనని ఎవరూ బలవంతపెట్టలేరు. ఎవరైనా అడిగితే ఇంతే చెప్పండి, తక్కువ చేసి చెప్పకండి. ఒప్పందానికి ఎంతకాలం పడుతుందో కూడా దాచకండి. ఎల్మ్‌వుడ్ గెలిచింది 2021 డిసెంబర్‌లో. కంపెనీతో దేశమంతటికీ కలిపి చర్చలు మొదలైంది 2024 ఏప్రిల్‌లో.