నేరం బాధితుడిపై చూపిన ప్రభావాన్ని సర్వేతో ఎలా కొలుస్తారు? పోలీసు లెక్కలు చాలవా?

చాలవు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారనుకోండి, ఆమె స్టేషన్‌కి వెళ్తేనే అది లెక్కలోకొస్తుంది, వెళ్లినా ఎఫ్‌ఐఆర్‌లో ఉండేది గొలుసు బరువు, ఖరీదే. సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడిగేది వేరు: నిద్ర పడుతోందా, పనికి ఎన్ని రోజులు పోలేదు, ఇంట్లో గొడవలయ్యాయా, ఆ టెన్షన్ నెల దాటినా ఉందా. అమెరికాలో 1973 నుంచి ఇలాంటి సర్వే నడుస్తోంది, 12 ఏళ్లు దాటినవాళ్లని ఆరు నెలలకోసారి అడుగుతారు, ఎందుకంటే గడువు పెరిగితే జనం ఎప్పుడో జరిగినదాన్ని కూడా మొన్నే అయినట్టు చెప్పేస్తారు.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. అందులో గృహహింస ప్రశ్నలు ఇంటికి ఒక్క మహిళనే, ఎవరూ లేనప్పుడు అడుగుతారు (అత్త పక్కనుంటే ఎవరు నోరు విప్పుతారు?). 2019-21లో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్న మహిళల్లో సాయం కోరింది 14 శాతమే.

హత్యలు మాత్రం ఈ పద్ధతికి అందవు. వాటికి పోలీసు రికార్డులు, మరణాల రికార్డులే దిక్కు.