పాటలో పూతరేకుల పెట్టె చూపిస్తే ప్రకటన అవుతుందా?

ప్రశ్న: మాది రావులపాలెం. మిత్రులం కలిసి యూట్యూబ్ కోసం ప్రైవేటు ఆల్బమ్ పాటలు తీస్తుంటాం. ఇటీవల దిండిలో తీసిన ఒక పాటలో కథానాయిక మా ఊరి మిఠాయి దుకాణం పేరున్న పెట్టె తెరిచి పూతరేకు తింటుంది. చరణంలో ‘బెల్లం రేకు, షుగరున్నా తినొచ్చు’ అనే మాట కూడా ఉంది. ఇందుకు దుకాణదారు 60,000 రూపాయలు ఇస్తానని నోటిమాటగా ఒప్పుకుని, 20,000 ఫోన్‌పే చేశారు. పాట విడుదలయ్యాక పెట్టె సరిగా కనిపించలేదంటూ మిగతాది ఇవ్వడం లేదు. డబ్బు తీసుకున్న సంగతి పాటలో చెప్పలేదు కాబట్టి మాపైనే కేసు పెట్టవచ్చని తెలిసినవారు అంటున్నారు. తర్వాతి పాటలో తమ సోడా సీసా చూపించమని ఒక మద్యం కంపెనీ ఏజెంటు కూడా అడుగుతున్నారు. మేమేం చేయాలి?

జవాబు: కథలో కలిసిపోయిన వస్తువు ప్రకటన కిందికి రాదని పాటలు తీసేవారిలో చాలామంది నమ్ముతారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(1) అలా చెప్పడం లేదు. ఇంటర్నెట్ సహా ఏ మాధ్యమంలోనైనా దృశ్యరూపంలో గానీ శబ్దరూపంలో గానీ చేసే ప్రచారం ప్రకటనే. మీరు సొమ్ము తీసుకుని పెట్టె చూపించారు, అందువల్ల ఆ సన్నివేశం ప్రకటనే అవుతుంది. అదే కథానాయకుడు నడిపిన మోటారు సైకిల్‌పై కంపెనీ పేరు యాదృచ్ఛికంగా కనిపించి, అందుకు మీరు ఎవరి వద్దా ఏమీ పుచ్చుకోకపోతే ఈ ప్రశ్నే రాదు.

కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువును మెచ్చుకునే వ్యక్తికీ దాని వ్యాపారికీ మధ్య ప్రేక్షకుడు ఊహించలేని ఆర్థిక సంబంధం ఉంటే దానిని వెల్లడించాలి. ఆ వెల్లడి వీడియోలోనే, కంటికీ చెవికీ అందేలా, పాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడిగా సూచించింది. డిస్క్రిప్షన్‌లో ఎక్కడో అడుగున హ్యాష్‌ట్యాగుల మధ్య ఒక మాట ఇరికిస్తే చాలదు. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడిని టిక్ చేస్తే వీడియో మొదట్లో కొన్ని సెకన్లు ఆ సంగతి కనిపిస్తుంది. అది తప్పక చేయండి. దానితోపాటు పెట్టె కనిపించే సన్నివేశంలో ‘ప్రాయోజిత ప్రకటన’ అని తెలుగులో వేయండి, పాట మొదట్లో ఒక మాటగా చెప్పండి.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ చరణం. ‘గోదారి సీమలో ఇంత రుచి లేదు’ అని పాడుకుంటే అది అతిశయోక్తి అని అందరికీ తెలుసు, దానిపై ఎవరూ ఫిర్యాదు చేయరు. ‘షుగరున్నా తినొచ్చు’ అనేది మాత్రం ఆరోగ్యానికి సంబంధించి వాస్తవంగా చెబుతున్న మాట. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచేదే కాబట్టి ఆ మాటను నిరూపించడం దుకాణదారు వల్ల కాదు, మీ వల్లా కాదు. ఇలాంటి తప్పుదారి పట్టించే ప్రకటనకు సెక్షన్ 21 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తయారీదారుపైనా, మెచ్చుకున్న వ్యక్తిపైనా 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మెచ్చుకున్న వ్యక్తిని ఏడాది వరకు ప్రకటనలలో పాల్గొనకుండా నిషేధించే అధికారం కూడా ఉంది. చెప్పిన విషయం నిజమా కాదా అని ముందుగా తగిన జాగ్రత్తతో విచారించుకున్నవారికి చట్టం మినహాయింపు ఇస్తుంది గానీ, మీరు అడిగిన దాఖలా ఏదీ మీ ఉత్తరంలో కనిపించలేదు. చిన్న చానెల్‌పై గరిష్ఠ జరిమానా పడుతుందని నేను అనను, అయినా ఆ మాటను పాటలో ఉంచడం తెలివైన పని కాదు. ఈ వారమే ఆ చరణం తీసేయించండి.

పెట్టెపై ‘ఆత్రేయపురం పూతరేకులు’ అని ఉంటే సరుకు ఎక్కడ తయారైందో కూడా కనుక్కోండి. ఆ పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరే చోట చుట్టిన రేకులను ఆ పేరుతో అమ్మితే దుకాణదారు చిక్కులో పడతారు, వాటిని చూపించిన మీకూ సంజాయిషీ చెప్పుకోవలసిన పని పడుతుంది.

సోడా సీసా బేరానికి ఒప్పుకోకండి. మద్యం పేరునూ గుర్తునూ సోడాకో, మ్యూజిక్ సీడీకో తగిలించి చూపించడాన్ని పరోక్ష ప్రకటనగా 2022 మార్గదర్శకాలు నిషేధించాయి. ‘ప్రాయోజితం’ అని వేసినంత మాత్రాన అది సక్రమం కాదు.

ఇక మీకు రావలసిన 40,000 సంగతి. నోటిమాట ఒప్పందం కూడా మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుతుంది, అయితే షరతులు ఏమిటో రుజువు చేసే భారం మీపై ఉంటుంది. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ సందేశాలు, విడుదలకు ముందు ఆయనకు వీడియో పంపి ఉంటే దానికి ఆయన ఇచ్చిన జవాబు మీకు ఆధారాలు. పెట్టె ఎన్ని సెకన్లు కనిపించాలో ముందుగా మాట్లాడుకోకపోతే, సరిగా కనిపించలేదన్న ఆయన అభ్యంతరానికి బలం తక్కువ. చరణంలోని ఆ మాట ఆయన కోరిక మీద పెట్టిందే అయితే, ‘మేం చెప్పినట్టే చేశారు’ అని ఒప్పుకోవలసిన స్థితి ఆయనదే కాబట్టి రాజీకి అవకాశం ఎక్కువగా ఉంది. ముందుగా స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే బాకీ చెల్లించవలసిన తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ దావా వేయాలి. వాట్సాప్ సందేశాలను కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి, అవి ఉన్న ఫోన్‌ను అమ్మకండి, చాట్‌ను చెరపకండి.