బేగంపేట దాకా విమానం సోలోగా నడుపుకుంటూ వెళ్ళబోయే బిడ్డకు

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. నాగార్జునసాగర్ చుట్టుపక్కల ఎగిరేటప్పుడు అంతా బాగానే ఉంటుంది పెద్దనాయనా, హైదరాబాద్ కంట్రోల్ జోన్ (కంట్రోలర్ అనుమతి లేకుండా పోకూడని ఆకాశం) దగ్గరపడగానే రేడియోలో ఒకరి వెంట ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, అంతలో నేనెక్కడున్నానో నాకే అర్థం కాదు, బేగంపేటకు సోలో క్రాస్‌కంట్రీ, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా అంత దూరం పోవడం, భయమేస్తోంది అని రాశావు. మీ నాన్నకు చెప్పొద్దన్నావు, సరే, చెప్పను. కానీ మీ ఇన్‌స్ట్రక్టర్‌కు మాత్రం రేపే చెప్పు, దాచకు. ఆయన పక్కన కూర్చుని ఇంకోసారి తీసుకెళ్ళడం వల్ల నీకు పోయేదేమీ లేదు.

నేను విమానం నడపలేదు. ఉద్యోగమంతా టవర్‌లోనూ రాడార్ ముందూ కూర్చుని మీలాంటి వాళ్ళతో మాట్లాడాను, అందుకని అక్కడి నుంచి నాకు కనిపించినవే చెప్తా. దారి తప్పడం జోన్ లోపల మొదలవదు. అంతకు 20 నిమిషాల ముందే, ఎక్కడో మన నల్లగొండ నాంపల్లి, మర్రిగూడ మీద, 'ఇటే కదా పోవాల్సింది' అనుకుని వాచీ చూడడం మానేసినప్పుడే మొదలవుతుంది. జోన్ దగ్గర రేడియో బిజీ అయ్యేసరికి ఆ సంగతి బయటపడుతుంది. అందుకే నువ్వు కష్టపడాల్సింది రేడియో మీదకంటే ముందు ఆ 20 నిమిషాల మీద.

చార్ట్ తీసి సాగర్ నుంచి బేగంపేటకు గీత గీసి చూడు. 70 నాటికల్ మైళ్ళ పైచిలుకు, వాయువ్య దిశ. సాగర్ రోడ్డు మొదట్లో నీకు ఎడమవైపు దూరంగా ఉంటుంది, ఇబ్రహీంపట్నం వచ్చేసరికి దగ్గరపడుతుంది. కుడివైపు చౌటుప్పల్ మీదుగా విజయవాడ హైవే. ఇంకా ఎడమకు పోతే శ్రీశైలం రోడ్డు. ఈ మూడూ చివరికి సిటీకే పోతాయి కాబట్టి 'రోడ్డు చూసుకుంటూ వెళ్తున్నా' అంటే సరిపోదు, ఏ రోడ్డో తెలియాలి. ఔటర్ రింగ్ రోడ్డును ఎక్కడ కలుస్తుందో చూడు: విజయవాడ హైవే పెద్ద అంబర్‌పేట దగ్గర, సాగర్ రోడ్డు బొంగుళూరు దగ్గర, శ్రీశైలం రోడ్డు తుక్కుగూడ దగ్గర. తుక్కుగూడ కనిపించిందంటే శంషాబాద్ రన్‌వేల ముందుకు వచ్చేశావన్నమాట, చాలా ఎడమకు పోయినట్టు.

ఇంకో సంగతి, దీన్ని బాగా మనసులో పెట్టుకో. శంషాబాద్ రన్‌వేలు తూర్పు-పడమర. దిగే విమానాలు తూర్పు నుంచి వస్తే సరిగ్గా ఇబ్రహీంపట్నానికి కాస్త ఉత్తరంగా వస్తాయి, పడమర నుంచి దిగే రోజున టేకాఫ్ అయిన విమానాలు అటువైపు వస్తాయి. అంటే ఏ రోజైనా నీ గీత వాళ్ళ దారిని అడ్డంగా కోస్తుంది. అందుకే అక్కడ కంట్రోలర్ నిన్ను ఆపుతాడు, దారి మారుస్తాడు, ఎత్తు మారుస్తాడు. నువ్వేదో తప్పు చేశావని కాదు. ఆపుతారని ముందే తెలిస్తే ఆపినప్పుడు టెన్షన్ ఉండదు.

ఆపడమంటే ఎక్కువగా ఆర్బిట్ చేయమంటారు, అంటే అక్కడే గుండ్రంగా తిరగమంటారు. పిల్లలు చాలామంది తప్పేది ఇక్కడే. వానాకాలంలో పడమటి గాలి 20 నాట్లు (గంటకు 20 నాటికల్ మైళ్ళు) ఉందనుకో, ఒక్కో చుట్టు 2 నిమిషాలు, మూడు చుట్లు తిరిగేసరికి గాలి నిన్ను 2 నాటికల్ మైళ్ళు తూర్పుకు నెట్టేసి ఉంటుంది. నువ్వేమో ఆపిన చోటే ఉన్నాననుకుని పాత హెడింగ్ (విమానం ముక్కు చూపే దిశ) పట్టుకుంటావు. ఆర్బిట్ మొదలుపెట్టే ముందు కింద ఒక గుర్తు చూసి పెట్టుకో, దాని చుట్టూనే తిరుగు. బయటికి రాగానే మళ్ళీ పొజిషన్ చూసుకుని, టైమ్ రాసుకుని, హెడింగ్ కొత్తగా లెక్కేసుకో.

అదే గాలి దారి పొడుగునా కూడా పని చేస్తుంది. నీ సెస్నా 90 నాట్లతో పోతుంటే, సరిచేయకపోతే 20 నిమిషాల్లో 5 నాటికల్ మైళ్ళు కుడికి జరిగిపోతావు, పైగా ఎదురుగాలి వల్ల గాలిలేని రోజుకంటే దాదాపు 10 నిమిషాలు ఆలస్యంగా చేరతావు. 'ఈపాటికి ఔటర్ రావాలే, రాలేదేంటి' అని గాబరా పడేది ఆ 10 నిమిషాల్లోనే. వన్-ఇన్-సిక్స్‌టీ లెక్క (60 మైళ్ళకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ తప్పినట్టు) నోటికి వచ్చేదాకా చెయ్యి: 15 మైళ్ళు వచ్చాక 2 మైళ్ళు పక్కకు ఉన్నావంటే 8 డిగ్రీలు తప్పావు.

చెరువులను నమ్ముకోకు. మన నల్లగొండ, పాలమూరులో ఊరికో చెరువు, పైనుంచి అన్నీ ఒకలాగే ఉంటాయి, చార్ట్‌లో నీలంగా ఉన్నది ఏప్రిల్‌లో చూస్తే పొలంలా ఉంటుంది. రోడ్డు, రైలు పట్టాలు, నది, కొండ, వీటిలో కనీసం రెండు కలిస్తేనే గుర్తు అనుకో.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. సాగర్ కంటే శంషాబాద్ నేల వెయ్యి అడుగులకు పైగా ఎత్తు, సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగులు. సాగర్ దగ్గర 2,500 అడుగుల్లో ఉంటే కింద బోలెడంత జాగా, అదే 2,500 శంషాబాద్ దగ్గర నేలకు 500 అడుగులే. కింద గుర్తులు గబగబా వెనక్కి పోతాయి, దూరం కనిపించదు.

ఇక చివర్లో దిగాల్సిన రన్‌వే. బేగంపేట, శంషాబాద్, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ హకీంపేట, దుండిగల్, అన్నింటి రన్‌వేలూ ఇంచుమించు తూర్పు-పడమరే. కంపాస్ కలిసింది కదా అని దిగడానికి సిద్ధమవకు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దగ్గర్లోనే ఉన్నది బేగంపేట. హుస్సేన్‌సాగర్ కనిపించలేదంటే 'రన్‌వే ఇన్ సైట్' అనొద్దు.

రేడియో గురించి కొంచెమే చెప్తా. బటన్ నొక్కే ముందు నువ్వెవరు, ఎక్కడున్నావు, ఎంత ఎత్తు, ఏం కావాలి, ఈ నాలుగూ ప్యాడ్ మీద రాసి ఉండాలి. ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబర్లు కూడా పైనే రాసుకో. క్లియరెన్స్, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే మీటర్‌లో పెట్టే గాలి ఒత్తిడి అంకె), హెడింగ్, ఎత్తు, రన్‌వే, స్క్వాక్ (రాడార్‌కు నిన్ను గుర్తుపట్టించే నాలుగంకెల కోడ్) తిరిగి చదవాల్సిందే, ఉత్త 'రోజర్' అంటే కంట్రోలర్‌కు నువ్వు విన్నావో లేదో తెలియదు. అర్థం కాకపోతే 'సే ఎగైన్', చేతిలో పనుంటే 'స్టాండ్‌బై', చేయలేకపోతే 'అన్‌ఏబుల్'. వీటికి ఎవరూ కోప్పడరు. కోప్పడినా నీకేం? విమానం సరిగ్గా ఎగరడం ముందు, మాట తర్వాత.

ట్యాబ్‌లో మ్యాప్ వాడు, కానీ చూసింది సరిచూసుకోవడానికే వాడు. మే నెల ఎండలో వేడెక్కి ఆగిపోతే నీ దగ్గర వాచీ, చార్ట్, రాసుకున్న లాగ్ ఉండాలి.

దారి తెలియకపోతే? రెండు నిమిషాలు వెతికినా గుర్తు దొరకలేదంటే జోన్ లోపలికి పోకు, రెక్కలు సమంగా ఉంచి 'అన్‌ష్యూర్ ఆఫ్ పొజిషన్, రిక్వెస్ట్ వెక్టర్స్' అను. స్క్వాక్ ఐడెంట్ అంటారు, నొక్కు, మా రాడార్ తెర మీద నీ చుక్క వెలుగుతుంది, హెడింగ్ ఇస్తారు, అంతే. నాకైతే అలా ముందే చెప్పిన పిల్లల మీద ఎప్పుడూ గౌరవమే కలిగింది. మమ్మల్ని భయపెట్టేది, ఏమీ చెప్పకుండా అటూ ఇటూ తిరిగే చుక్క. చేతిలో ఉన్న ఫ్రీక్వెన్సీలో ఎవరూ పలకకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 ఉంది, స్క్వాక్ కోడ్ ఆపద అనిపిస్తే 7700, రేడియో పోతే 7600.

వచ్చే ఆదివారం నల్లగొండ వచ్చేయ్. చార్ట్, ప్లాటర్, వాచీ తెచ్చుకో. టేబుల్ మీదే సాగర్ నుంచి బేగంపేట దాకా పోదాం, కంట్రోలర్‌గా నేను మాట్లాడతా, ఇబ్రహీంపట్నం దగ్గర మూడు ఆర్బిట్లు ఇస్తా, గాలి మధ్యలో మారుస్తా, నువ్వు ప్రతిదీ రాసుకుని తిరిగి చదవాలి. పొద్దున తొమ్మిదికల్లా రా, భోజనం ఇక్కడేనని మీ పెద్దమ్మ చెప్పమంది.

మీ పెద్దనాయన
నల్లగొండ