‘వెంకటాచలం’ నుంచి ‘చలం’ వస్తే అర్థం తిరగబడదా?

సందేహం: “అచలం అంటే కదలనిది, చలం అంటే కదిలేది కదా. రచయిత గుడిపాటి వెంకటాచలం తన మనసులోని అలజడిని తెలపడానికే అకారాన్ని వదిలి ‘చలం’ అయ్యారనీ, చివరికి అరుణాచలం చేరి ఆ అకారాన్ని తిరిగి పొందారనీ ఒక ఉపన్యాసంలో విన్నాను. దీనికి వ్యాకరణం ఒప్పుకుంటుందా?” – తిరుపతి నుంచి ఒక పాఠకుడు.

సమాధానం: మీరు చెప్పిన అర్థాలు సరైనవే. కదలదు కనుకనే కొండ అచలం. నగం, అగం అన్న పర్యాయపదాలలోనూ ఉన్నది ఆ భావమే. ‘వెంకట’, ‘అచలం’ కలిసినప్పుడు సవర్ణదీర్ఘ సంధి వల్ల రెండు అకారాలూ ఒక్క ‘ఆ’గా మారి టకారంలో కలిసిపోతాయి. పేరును కుదించి పిలిచేవారు సంధి విడదీసుకుని పిలవరు; నోటికి వినబడిన చివరి రెండక్షరాలను పట్టుకుంటారు, అకారం వెనక ‘టా’లోనే ఉండిపోతుంది. ఇందుకు సాక్ష్యం కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ వీధికొక చలపతి ఉంటారు. వెంకటాచలపతిలో ‘అచలపతి’ అంటే కొండకు ప్రభువు. ‘చలపతి’ని అక్షరార్థంతో చూస్తే కదిలేదానికి ప్రభువు కావాలి. అయినా ఆ పేరు పిలిచేటప్పుడు శేషాచలం కదిలిందని ఎవరికీ తోచదు. రామాంజనేయులును కుదిస్తే మాత్రం ‘ఆంజనేయులు’ అని అచ్చు నిలుస్తుంది, ఎందుకంటే అది విడిగా వాడుకలో ఉన్న పేరు. ‘అచలం’ అని ఎవరికీ పేరు పెట్టగా నేను వినలేదు.

ఇక ఉపన్యాసకుని ఊహకు కాలం కూడా అడ్డుపడుతుంది. 1894లో మద్రాసులో కొమ్మూరి వారింట పుట్టి, మాతామహుని దత్తతతో గుడిపాటి వారైన ఆయన, కాకినాడలో చదివే రోజుల్లో సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. అంటే ఎందరికో ఆగ్రహం తెప్పించిన ‘మైదానం’ నవలా రచయితకు ఆధ్యాత్మిక జిజ్ఞాస అరుణాచలంలో రమణ మహర్షి దగ్గరే కొత్తగా పుట్టలేదు. మహర్షి నిర్యాణం చెందిన 1950లోనే చలం తిరువణ్ణామలై, అంటే అరుణాచలం, చేరి, 1979లో మరణించేదాకా అక్కడే ఉన్నారు. పాఠకులకు ఆయన అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే చలం. ఆ కొండ నీడకు చేరాకా చలమే. అకారం తిరిగి వచ్చిందనడానికి పేరులో ఏ ఆధారమూ లేదు.

అర్థంతో ఆడుకోవాలనే ఉంటే, తెలుగులో ‘చలం’ అనే మాటకు పట్టుదల, మాత్సర్యం అన్న అర్థాలూ ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో నాటకురంజి రాగ వర్ణం నేర్చినవారికి ‘చలమేల’ అన్న ఎత్తుగడ తెలిసే ఉంటుంది. చంచలత్వం కంటే పట్టుదలే ఆయనకు ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తుంది, కానీ ఇది చమత్కారమే తప్ప వ్యుత్పత్తి కాదు.

కనుక ‘చలం’ దోషం కాదు, వ్యవహారంలో స్థిరపడిన సంక్షిప్తనామం. దానిని చూసి పూర్తి పేరును ‘వెంకట చలం’ అని విడగొట్టి రాయడం మాత్రం తప్పే. ‘వెంకటాచలం’ అని దీర్ఘంతో, ఒక్క మాటగా రాయాలి.