మూడు కాలిక్యులేటర్లు, మూడు స్టాల్ స్పీడులు

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా దగ్గర 1970 షెవర్లే షెవెల్ కారు ఉంది. 454 ఘనపు అంగుళాల ఇంజిన్, మూడు గేర్ల ఆటోమేటిక్. ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ బిగించి పవర్ పెంచాను, ఇప్పుడు డ్రాగ్ రేసింగ్ కోసం టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు చేర్చేది) మార్చాలి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు మూడు చూస్తే స్టాల్ స్పీడు 2,800, 3,400, 4,000 ఆర్పీఎం అని తలో మాటా చెప్పాయి. ఏది నమ్మాలి? మిత్రుడు ఉచితంగా ఇచ్చిన ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో లాగ్ (బండి నడిచినప్పటి ఇంజిన్ అంకెల రికార్డు) కూడా తీశాను.

జవాబు: మూడింట్లో ఏదీ నమ్మకండి. ఇదే ఫిర్యాదు వేరే వేరే కార్ల పేరుతో నాకు తరచూ వస్తోంది. స్టాల్ స్పీడు అంటే బండి కదలకుండా ఉండగా కన్వర్టర్ ఇంజిన్‌ను ఎక్కనిచ్చే గరిష్ఠ ఆర్పీఎం. అది కన్వర్టర్ ఒక్కదానితో తేలేది కాదు. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) వర్గమూలాన్ని బట్టి అది మారుతుంది. 400 పౌండ్-అడుగుల టార్క్ దగ్గర 3,000 ఆర్పీఎంలో నిలిచే కన్వర్టర్‌ను 500 ఇచ్చే ఇంజిన్‌కి బిగిస్తే సుమారు 3,350 దాకా పోతుంది. టార్క్ కర్వ్ (ఏ ఆర్పీఎంలో ఎంత టార్క్ వస్తుందో చూపే గీత), బండి బరువు, వెనక యాక్సిల్ గేరు, టైరు వ్యాసం ఏవీ అడగకుండా అంకె చెప్పే యాప్ ఎవరి ఇంజిన్‌నో ఊహించుకుని మీకు అంటగడుతోంది. ఆ ఊహ ఏమిటో తెర మీద ఒక్క వరుసలో చూపిస్తే సరిపోయేది. అదీ చేయరు. ఇది నిర్లక్ష్యం.

అమ్మేవాళ్లు చెప్పే అంకె దేనిదో కూడా నిలదీసి అడగండి. బ్రేకు తొక్కిపట్టి చూసేది వేరు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే వచ్చే ఫ్లాష్ స్టాల్ వేరు, ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్సునే లోపల బిగించి బండిని ఆపే ఏర్పాటు) మీద వచ్చేది వేరు. మీకు కావలసింది గరిష్ఠ టార్క్ వచ్చే ఆర్పీఎంకి దగ్గరగా ఉండే ఫ్లాష్ స్టాల్. అదే బండిని రోజూ రోడ్డు మీద కూడా నడిపితే కాస్త తగ్గించుకోండి, పెద్ద ఆయిల్ కూలర్ పెట్టుకోండి. జారుడు, అంటే ఇంజిన్ తిరిగినంత గేర్‌బాక్సు తిరగకపోవడం, ఎక్కువైతే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మాడిపోతుంది.

లాగ్ ఉందన్నారు కాబట్టి ఇప్పుడున్న కన్వర్టర్ ఎంత జారుతోందో మీరే లెక్క కట్టవచ్చు. ఆర్పీఎంని టైరు వ్యాసం అంగుళాలతో గుణించి, యాక్సిల్ నిష్పత్తిని 336తో గుణించి దాంతో భాగిస్తే టాప్ గేరులో జారుడే లేకుండా రావలసిన వేగం గంటకు మైళ్లలో వస్తుంది. 5,800 ఆర్పీఎం, 28 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్ నిష్పత్తి అయితే అది దాదాపు 130. ఫినిష్ లైన్ దగ్గర 118 మాత్రమే కనిపిస్తే 9 శాతం జారుతున్నట్టు. పది దాటితే కన్వర్టర్ మరీ లూజు.

కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ చివరి వాక్యం. ఉచితంగా చేతులు మారే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ అంటే చాలాసార్లు లైసెన్సు తాళం పగలగొట్టిన కాపీయే. అలాంటి కాపీ తరచూ యాంటీవైరస్ ఆపేస్తేగానీ ఇన్‌స్టాల్ కాదు. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్, వీసా కాగితాలు, ఆఫీసు మెయిల్ ఉంటాయి. అంతకన్నా ప్రమాదం, ఆ ప్రోగ్రామే మీ ఇంజిన్ రెవ్ లిమిట్‌ను (ఇంజిన్ దాటకూడని ఆర్పీఎంని), ట్రాన్స్‌బ్రేక్ మీద ఇంజిన్ ఎంతవరకు ఎక్కాలన్న పరిమితిని రాస్తుంది. మార్చిన కాపీ అక్కడ ఏం రాసిందో ఎవరు చూశారు? 1970లో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ట్రాన్స్‌మిషన్ పేలి డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆ యంత్రం ఉండేది మీ కాళ్ల పక్కనే.

తయారీదారుల తప్పూ ఉంది. డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాము కూడా ఒక్కోసారి ట్రాక్ దగ్గర సిగ్నల్ లేకపోతే లాగిన్ అడిగి మొండికేస్తుంది, రేసు రోజున అప్‌డేట్ అంటూ మొదలెడుతుంది. జనం దొంగ కాపీల వైపు పోవడానికి ఇదొక కారణం. ఆఫ్‌లైన్‌లో తెరుచుకోని ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మకూడదని నా అభిప్రాయం.

ముందుగా వేరే పరికరం నుంచి పాస్‌వర్డులన్నీ మార్చండి. ల్యాప్‌టాప్ పూర్తిగా చెరిపి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయండి. లైసెన్సు ఉన్న ప్రోగ్రాముతో ఇంజెక్షన్ కిట్ కంట్రోలర్‌లో ఫర్మ్‌వేర్, బేస్ ట్యూన్ (మొదటి సెట్టింగులు) మళ్లీ ఎక్కించి, రెండు రెవ్ పరిమితులూ మీ కళ్లతో సరిచూసుకోండి. రేసు భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్ఎఫ్ఐ 29.1 ప్రమాణం ఉన్న ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ను కన్వర్టర్‌కు కలిపే రేకు), 4.1 ప్రమాణం ఉన్న ట్రాన్స్‌మిషన్ షీల్డ్ బిగించండి. ఆ తర్వాత కొత్తగా తీసిన లాగ్, కామ్‌షాఫ్ట్ కొలతల కార్డు, ఇంజిన్ బలం కొలిచిన డైనో కాగితం, డ్రైవరుతో కలిపి తూచిన బండి బరువు కన్వర్టర్ తయారుచేసేవారికి పంపండి. అంకె వాళ్లే చెబుతారు.