కస్టమర్ కంపెనీ దివాలాకెళ్లింది, బాకీ ఎలా?

ఆటోనగర్ నుంచి సరుకు పంపారు, కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ₹6.4 లక్షలు ఆగాయి, దావా వేయాలా అన్నారు. వేయకండి అండీ. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) దివాలా పిటిషన్ అడ్మిట్ చేసిన రోజు నుంచే మారటోరియం, అంటే ఆ కంపెనీపై కేసులకు నిలుపుదల, దావా నడవదు, లాయరు ఫీజు దండగ.

పేపర్లో వచ్చిన ప్రకటన వెతకండి. అందులోని ఇంటెరిమ్ రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి (దివాలా ప్రక్రియ నడపడానికి ఎన్‌సీఎల్‌టీ నియమించిన వ్యక్తి) ఫారం-బి పంపాలి, అది సరుకు ఇచ్చినవాళ్లు బాకీ అడిగే ఫారం. గడువు ఆయన నియామకం నుంచి 14 రోజులు. దాటిపోయినా అడ్మిషన్ తేదీ నుంచి 90 రోజుల వరకు, లేదా కంపెనీని గట్టెక్కించే ప్లాన్లు పిలిచే తేదీ వరకు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా పంపొచ్చు; 90 రోజులు దాటితే కారణం రాయండి. ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, జీఎస్‌టీ రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో ఆ బిల్లులున్న పేజీలు, ఆ నెలల 3బీ రిటర్నులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయండి. ఎక్కువగా దెబ్బతినేది సంతకం, స్టాంపు లేని డెలివరీ చలాన్ దగ్గరే. వడ్డీ అడ్మిషన్ తేదీ వరకే లెక్కకట్టండి.

మొత్తం వస్తుందని ఆశపెట్టుకోకండి, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన (సెక్యూర్డ్) బ్యాంకుల తర్వాతే మన వంతు. ఇకపై సరుకు అడిగితే మాత్రం ప్రొఫెషనల్ రాతపూర్వక ఆర్డరు తీసుకునే పంపండి. ఆ బిల్లు ప్రక్రియ ఖర్చు కిందకొస్తుంది, పాత బాకీలకన్నా ముందు చెల్లిస్తారు.