ఖాతా పుస్తకంలో ఆయన చేతిరాత

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. నా వయసు 43. మా ఆయన సెంటర్లో టిఫిన్ హోటల్ నడిపేవారు. తొమ్మిది నెలల కిందట గుండెపోటుతో పోయారు, 46 ఏళ్లకే. పాప విజయవాడలో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. బాబు తొమ్మిదో తరగతి. హోటల్ మళ్లీ తెరవాలని నాకుంది. ‘సంవత్సరీకం కూడా కాకుండా పొయ్యి వెలిగిస్తావా’ అని చుట్టాలంటున్నారు. ఇంట్లో ఎవరూ ఆయన ఊసెత్తరు. నేనెత్తితే బాబు లేచి బయటికి వెళ్లిపోతాడు. పాపేమో ‘ఇప్పుడవన్నీ ఎందుకమ్మా’ అంటుంది. మా అత్తగారికి 72 ఏళ్లు. ఉప్పెనలో ఏడాదిన్నర బిడ్డనీ, కన్నవాళ్లనీ పోగొట్టుకున్న మనిషి. ఆవిడ అసలే మాట్లాడదు. ఆయన రాసిన ఖాతా పుస్తకం ఒకటుంది. అందులో పేర్లుండవు, ‘గొడుగు తాత 35’, ‘రెండట్ల మాస్టారు 120’ అని ఉంటాయి. తీస్తే ఏడుపు ఆగదు. పారేయడానికి చేతులు రావు. ఆయన్ని మర్చిపోతే తప్ప నేను మళ్లీ మొదలుపెట్టలేనా?

జవాబు: ముందు ఆ పుస్తకం సంగతి. పారేయకండి. అందులో మీకు రావాల్సిన డబ్బుంది, అది ఒక కారణం. రెండో కారణానికి తర్వాత వస్తాను.

హోటల్ తెరవండి. ఏడాదిలోపు శుభకార్యాలు వద్దంటారు గానీ, ఇడ్లీ వేసి పిల్లల ఫీజు కట్టుకోవడం శుభకార్యం కాదు, బతుకుతెరువు. అలా అడిగిన చుట్టాల్లో ఈ తొమ్మిది నెలల్లో ఒక నెల సరుకులు వేయించినవాళ్లెవరో మీకు తెలుసు. వాళ్ల మాట వినండి, మిగతావాళ్లకి నవ్వి ఊరుకోండి. అయితే ఒక్కసారిగా ఆయన నడిపినంత నడపాలనుకోవద్దు. పొద్దుటిపూట మాత్రమే, ఇడ్లీ, అట్టు, ఒక చట్నీ. రెండు నెలలు లెక్క చూసుకున్నాక పూరీ సంగతి ఆలోచించొచ్చు. బంగారం తాకట్టు పెట్టి కొత్త గ్రైండర్లు కొనకండి. షాపు అద్దె అగ్రిమెంటు, కరెంటు మీటరు, ఆహార లైసెన్సు ఆయన పేరున ఉంటే మీ పేరుకి మార్పించుకోండి. ఆఫీసులో ఆ కాగితాల మీద ‘లేట్’ అని రాసేటప్పుడు గుండె పట్టేసినట్టుంటుంది. ఆ రోజు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఇక మర్చిపోవడం. పొద్దున పిండి కలుపుతూ ఎవరి జోకుకో నవ్వి, మధ్యాహ్నం అంట్లు తోముతూ ఏడిస్తే మీకేదో అయిందనుకోకండి. దుఃఖం అలాగే నడుస్తుంది. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఈ సంగతే రాశారు. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు ముందున్న పనుల వైపు, అటూ ఇటూ తిరుగుతూనే తేరుకుంటాడని. ఒకవైపు తలుపు మూసేస్తేనే రెండో వైపు వెళ్లగలమన్నది మనం పెట్టుకున్న షరతు.

మీ ఇంట్లో ఆ తలుపు మూసేసింది మీ అబ్బాయి అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. పద్నాలుగేళ్ల పిల్లాడిని ఎదురుగా కూర్చోబెట్టి ‘నాన్న గుర్తొస్తున్నాడా’ అంటే పారిపోక ఏం చేస్తాడు? ఎదురుగా వద్దు, పక్కపక్కన మాట్లాడండి. పప్పు కడిగేటప్పుడు, బండి మీద వెనక కూర్చున్నప్పుడు. అడగొద్దు, చెప్పండి. ‘ఈ రెండట్ల మాస్టారెవరో తెలుసా? నాలుగట్లు తిని రెండే తిన్నానని వాదించేవాడట’ అని ఒక ముక్క వదిలేయండి. (ఇది నేను కల్పించింది, అసలు కథ మీకే తెలుసు.) వాడు నవ్వకపోయినా పర్వాలేదు, వింటాడు. ఆ పుస్తకం దాచమనడానికి రెండో కారణం ఇదే. పాపకి ఒక పేజీ ఫొటో తీసి పంపండి, కింద ఏమీ రాయకండి. ఏదో ఒక రాత్రి తనే ఫోన్ చేస్తుంది.

రెండు మాటలు మాత్రం మీ నోట రానివ్వొద్దు. ‘నాన్న ఉంటే ఇలా చేసేవాడివా’ అన్నది ఒకటి, ‘ఇక ఇంటికి మగదిక్కు నువ్వే’ అన్నది రెండోది. మొదటిది తండ్రిని బెత్తంగా మారుస్తుంది. రెండోది తొమ్మిదో తరగతి పిల్లాడి వీపు మీద బస్తా వేస్తుంది.

ఆయన మంచితనమే చెప్పాలని కూడా లేదు. కోపమొస్తే గరిటె విసిరేవారా? ఎవరికో హామీ ఉండి డబ్బు పోగొట్టారా? అదీ చెప్పండి. పటానికి దండ వేశాక మనం మనిషిని దేవుణ్ని చేసేస్తాం. దేవుడి గురించి పిల్లలు ఏమని మాట్లాడతారు? అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 2001 ప్రాంతంలో పిల్లల్ని 20 ప్రశ్నలడిగారు. తాతయ్యలు ఎక్కడ పెరిగారు, అమ్మానాన్నలు ఎలా కలిశారు, ఇంట్లో జరిగిన కష్టాలేమిటి, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం, తమ బతుకు తమ చేతిలో ఉందన్న ధీమా ఎక్కువ కనిపించాయి. అలాగని జవాబులు బట్టీ పట్టిస్తే లాభం లేదని వాళ్లే అన్నారు. అన్నం దగ్గర కూర్చుని చెప్పుకునే అలవాటులో ఉంది అసలు సంగతి. పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం అనే రకం కథ పిల్లలకి ఎక్కువ బలమిస్తుందని డ్యూక్ అంటారు.

అలాంటి కథ మీ ఇంట్లోనే, వసారాలో మంచం మీద ఉంది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఆ ఒక్క ఉప్పెనకి వేలమంది పోయారు. మీ అత్తగారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. వయసుల లెక్క చూస్తే మీ ఆయన పుట్టింది ఆ తర్వాత, రెండేళ్లకి అటూ ఇటూగా. అంటే మీరు భర్త అని ఏడుస్తున్న మనిషి, ఆవిడ అంతా పోయాక మళ్లీ మొదలుపెట్టిన బతుకు. ఇప్పుడు రెండోసారి బిడ్డని పోగొట్టుకుంది. ఆవిడ మౌనం మీ మీద కోపమని మీరు రాయలేదు గానీ, ఉత్తరంలో ఆ అనుమానం కనిపించింది. అది తీసేయండి.

ఆ రాత్రి ఏం జరిగిందని మాత్రం అడగకండి. దానికి ఆవిడ ఎన్నటికీ జవాబివ్వకపోవచ్చు, ఇవ్వక్కర్లేదు కూడా. ‘అత్తయ్యా, ఉప్పెన తర్వాత మీరు మొట్టమొదట పొయ్యి వెలిగించింది ఎప్పుడు? ఏం వండారు?’ అని అడగండి. మీరు కూడా పొయ్యి వెలిగించబోతున్నారు కాబట్టి అది ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని అడిగినట్టే ఉంటుంది. చెబితే వినండి, మధ్యలో ఓదార్చకండి. మొహం తిప్పుకుంటే వదిలేయండి. అడక్కుండా ఫోన్లో రికార్డు చేయొద్దు.

మా ఇంట్లో ఒక కంచు గ్లాసుంది. దాని మీద ‘సూ’ అని ఒక్క అక్షరం చెక్కి ఉంటుంది. సూరమ్మదో సూర్యనారాయణదో చెప్పడానికి ఇప్పుడు మాకెవరూ లేరు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ అందులోనే మజ్జిగ తాగాను, ఒక్కరోజూ అడగలేదు.

మీకు నిద్ర, తిండి పూర్తిగా పోయినా, ఏడాది దాటాక కూడా మొదటి వారంలా రోజంతా అదే బాధలో ఉన్నా, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. అబ్బాయి విషయంలోనూ అంతే.

హోటల్ తెరిచే రోజున కొత్త పుస్తకం కొనకండి. ఆయన చివరిగా రాసిన పద్దు కింద ఒక గీత గీసి, తారీకు వేసి, అదే పేజీలో మీరు మొదలుపెట్టండి. మొదటి అప్పు ఎవరిదైనా, వాళ్లకి ఏ పేరు పెట్టాలో మీ అబ్బాయిని అడగండి.